ఇద్దరూ తిప్పిన బొమ్మ

మేడమీది మగ్గం గది,
నూలు మిల్లు వెనక వీధి

సుత్తమ్మకి,

క్షేమంగా చేరాను. మగ్గం నాకన్నా క్షేమంగా చేరింది. దాన్ని మేడ ఎక్కించడానికి నలుగురు వచ్చారు, నా పెట్టె మాత్రం నేనే మోసుకున్నాను. గదికి ఒకటే కిటికీ, కానీ అది ఉత్తరం వైపుంది. ఎండ నేరుగా పడదు కాబట్టి ఏ రంగు ఆ రంగులాగే కనిపిస్తుంది. కింద దర్జీ దుకాణం. ఆయన మిషను ఆగినప్పుడల్లా నా చెయ్యి కూడా ఆగిపోతోంది, ఎందుకో తెలియదు.

మిల్లు వాళ్ల శిక్షణ తరగతిలో నేను నేత నేర్పేది వారంలో సగం రోజులే. మిగతా రోజులన్నీ లైబ్రరీకి మనిద్దరం చేస్తున్న తెరకే, పైసగం నీ ఇనుము, కిందిసగం నా నేత. పక్క తెరలు రెండూ నేను అక్కడ ఉండగానే అయిపోయాయి కదా, ఇక మిగిలింది నడిమిది. దాని బొమ్మ గీసే వంతు నీది. నువ్వు గీసేదాకా నేను చూడకూడదు, గీశాక నేను మార్చకూడదు. పైన నీ ఇనుప ఊచ ఎక్కడ ఆగితే అక్కడ నా నూలు అందుకోవాలి. పుస్తకం చదువుకునే పిల్ల తలెత్తి చూస్తే ఇనుము ఎప్పుడు నూలైందో తెలియకూడదు. ఇంత గొప్పగా లైబ్రరీ మేడమ్‌కి మాట ఇచ్చింది నువ్వే, గుర్తుంచుకో.

విసుక్కోకుండా ఇంకో మాట విను. నేను గుడ్డ వెనకవైపు నుంచి నేస్తాను. పడుగు దారాల కింద బొమ్మ పరుచుకుంటే నాకు కనిపించేది వెనకవైపే. అందుకని బొమ్మని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి గీసి నాకివ్వాలి. ఇన్నేళ్లూ మీ అన్నయ్యే తిప్పారు. ఇళ్ల ప్లాన్లు గీసే చేతికి అది మంచినీళ్లు తాగినంత సులువు. ఈసారీ ఆయనతోనే తిప్పించి పంపు. తిప్పమన్నాం కదా అని సరిచెయ్యొద్దని మాత్రం చెప్పు.

నీ వదిన

*

ఇనుప షెడ్డు,
రైలు గేటు పక్కన

వదినా,

నీ ఉత్తరం మసి చేతులతోనే విప్పాను, నాలుగు వేళ్ల ముద్రలూ పడ్డాయి. పోలీసులు వస్తే దొరికిపోతాను.

చట్రం నిలబెట్టాను. పక్క తెరల ఊచలు నడిమి తెర ఊచల్లోకి వచ్చి ఎలా కలవాలో నేల మీద సుద్దతో గీసుకుని చూస్తున్నాను. పక్కలకి ఇనుము ఇనుముతో కలుస్తుంది, కిందికి ఇనుము నూలుతో కలుస్తుంది. మొదటిది నా తలనొప్పి, రెండోది నీ తలనొప్పి. లైబ్రరీ మేడమ్ నిన్న వచ్చి ఊచల చివర్లన్నీ వేలితో తడిమి, "పిల్లలకి గుచ్చుకోదు కదమ్మా?" అని ఐదోసారి అడిగింది. "మా వదిన నూలు వాటిని మింగేస్తుందండీ" అన్నాను. "మీ వదినగారు ఎప్పుడొస్తారు?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నీ దగ్గర ఉందా? ఇల్లు ఎలా ఉందో నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, పడుకుంటాడు. నీ గురించి అడగడు. నీ ఉత్తరం బల్ల మీద పెడితే మాత్రం దాని పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. విప్పి చదవడు. అంత మర్యాద ఎవడిక్కావాలి చెప్పు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ అర్ధం హక్కుతో అడుగుతున్నాను. ఈ తరగతి అయిపోగానే వచ్చేస్తావా, లేదా?

బొమ్మ త్వరలో పంపుతాను.

నీ సుత్తి

*

మగ్గం గది

సుత్తమ్మా,

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నీలం అద్దిన నూలు ఆరడం లేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకి తాడు కట్టి ఆరేశాను, నీలాల కింద నుంచి వంగి వంగి నడుస్తున్నాను. తరగతికి వచ్చేవాళ్లలో ఒకావిడ నాకన్నా పెద్దది. మొదటిరోజే, "మీరు చెప్పినట్టు కాకుండా నాకు తోచినట్టు నేస్తే తప్పా?" అని అడిగింది. తప్పు కాదన్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్నే చెవిలో పడుతోంది.

రావడం సంగతి రాసే తీరిక ఇవాళ లేదు. బొమ్మ పంపు. బొమ్మ లేకుండా మగ్గం ఖాళీగా ఉంటే నాకేం తోచదు.

వదిన

*

ఇనుప షెడ్డు

వదినా,

ఇదిగో బొమ్మ. గొట్టంలో చుట్టి పంపుతున్నాను, మడతలు పడవు.

నన్ను తిట్టుకోకు, కాస్త గొంతెమ్మ కోరికే కోరాను. పైనుంచి ఊచలన్నీ ఒకే వైపు గుంపుగా దిగుతాయి, రెండోవైపు చాలామటుకు ఖాళీ. దిగినవి దిగినట్టు నీ నూల్లోకి వచ్చి మెల్లగా విడిపోవాలి. ఒక్కటి మాత్రం విడిపోకుండా అడ్డంగా సాగి అవతలి చివరకి పోతుంది. దాని వంపు నాలుగుసార్లు గీశాను. నువ్వు గీస్తే ఎలా గీసేదానివో అలా రావాలని గీశాను. వచ్చిందో లేదో నువ్వే చెప్పాలి.

అన్నయ్య ఎప్పటిలాగే తిప్పి ఇచ్చాడు. నువ్వు నేరుగా పడుగు కింద పరుచుకోవడమే.

తీరిక దొరికితే నేను అడిగినదానికి జవాబు రాయి.

సుత్తి

*

మగ్గం గది

సుత్తమ్మా,

బొమ్మ అందింది. గోడకి అంటించి, రెండురోజులు ఏ పనీ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. నువ్వు ఇనుముతో మాట్లాడతావని తెలుసు కానీ కాగితంతో ఇంత బాగా మాట్లాడతావని తెలియదు. ఆ అడ్డగీత నాదే. నేను గీసినా అంతకన్నా బాగా వచ్చేది కాదు.

తిప్పి ఇచ్చినందుకు మీ అన్నయ్యకి థాంక్స్ చెప్పు.

నేత మొదలుపెట్టాను. ఇక కొన్నాళ్లు ఉత్తరాలు రాకపోతే కంగారుపడకు.

వదిన

*

ఇనుప షెడ్డు

కవరు నేనే తీసుకెళ్లి అన్నయ్య చేతిలో పెట్టాను. నీకు ఆ సంగతి తెలియాలి. పోస్టు షెడ్డుకే వస్తుంది కదా. కవరు మీద నీ అక్షరాలు, అన్నయ్య పేరు. ఇన్నాళ్లకి ఆయనకి రాశావనుకుని కొలిమి దగ్గర పని వదిలేసి, సైకిల్ మీద ఆయన ఆఫీసుకి పరిగెత్తాను. అందరి ముందూ నవ్వుకుంటూ ఇచ్చాను. ఆయన విప్పి చదువుతుంటే పక్కనే నిలబడ్డాను, నా గురించి కూడా ఏమైనా రాశావేమోనని.

విడాకుల కాగితాలు అవి.

ఆయన వాటిని మడత పెట్టి, పైన స్కేలు బరువుగా పెట్టి, "నువ్వెళ్లు, నాకు పనుంది" అన్నాడు. నేనెలా షెడ్డుకి వచ్చానో నాకే తెలియదు. అన్నయ్య మీద కోపమో, నీ మీద కోపమో, ఆ రోజంతా ఊచల మీదే చూపించాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావు. అందుకే చెప్పలేదా? లేకపోతే నన్ను వాళ్ల మనిషిలాగే లెక్కేశావా? ఆయన కట్టుకున్నవాడు, ఆయనకి చెప్పకపోవడం నీ ఇష్టం. నాకు ఎందుకు చెప్పలేదు? నీలం ఆరలేదని రాశావు. దర్జీ మిషను ఆగిందని రాశావు.

చట్రం పూర్తయింది. నేత ఎప్పుడు పంపుతావో రాస్తే చాలు.

*

మగ్గం గది

అమ్మాయీ,

నువ్వు తిట్టినవన్నీ నాకు తగినవే. కవరు నీ చేతి మీదుగా వెళుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆఫీసు అడ్రసు రాయకుండా అలవాటుగా షెడ్డు అడ్రసు రాశాను. నవ్వుకుంటూ ఇచ్చావన్న ఆ మాట చదివాక ఆ రోజు భోజనం చెయ్యలేకపోయాను.

మీ అన్నయ్య చెడ్డవారు కాదు. ఆ మాట నీకు చెప్పనక్కర్లేదు. ఒక్కరోజు గొంతెత్తి మాట్లాడలేదు. కానీ నేనేది గీసినా సరిచేసేవారు. నా వంపు ఆయన చేతిలోంచి బయటికి వచ్చేసరికి సాపుగా ఉండేది. అడిగితే, "అదే కదా నువ్వు గీద్దామనుకున్నది" అనేవారు. గీతల దగ్గర మొదలై నేను మాట్లాడే మాటలు, కూర్చునే తీరు, నా స్నేహితులు, అన్నీ అలాగే అయ్యాయి. నాకు తెలియకుండానే ఆయన సరిచేసేలోపు నన్ను నేను సరిచేసుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు తెల్లకాగితం ముందు కూర్చుని, ఏం గియ్యాలో తోచక లేచిపోయాను. భయమేసింది. తరగతి అనేది వంక. నేను తిరిగి రావడానికి బయల్దేరలేదు.

నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వు వాళ్ల మనిషివని కాదు. చెబితే ఆగిపోతానేమోనని. "వదినా, వచ్చెయ్" అని నువ్వొక్కమాట అంటే కాదనడం నాకు చేతకాదు.

నేత పూర్తయింది. రేపు బండికి వేస్తాను. దీంతో మన పని అయిపోతుంది. ఇకనించి నన్ను వదినా అని రాయకు. కాగితాల మీద సంతకాలు పడితే నేను నీకు ఏమీ కాను. అటు అన్నయ్య, ఇటు నేను, మధ్యలో నువ్వు అడకత్తెరలో పోకచెక్కవి కావడం నాకిష్టం లేదు. ఆయన నీ తోడబుట్టినవారు. ఆయన వైపే ఉండు, నేనేమీ అనుకోను. లైబ్రరీలో బోర్డు రాయించేటప్పుడు నీ పేరు కింద 'నేత' అని నా పేరు వేరే వరుసలో వేయించు, సరిపోతుంది.

ఇంత రాశాక కింద ఏమని సంతకం పెట్టాలో తెలియలేదు.

*

ఇనుప షెడ్డు

వదినా,

రాయొద్దన్నావు. రాశాను. ముందు పని సంగతి.

నీ నేత వచ్చింది. విప్పగానే నా కోపం సగం దిగిపోయింది, అంత బాగుంది. చట్రానికి కింద వేలాడదీశాను. మిగతా సగం కోపం దిగింది, గుండె కూడా జారింది. నా ఊచలన్నీ ఎడమవైపు దిగుతున్నాయి. నీ గీతలన్నీ కుడివైపు మొదలవుతున్నాయి. ఇనుము కింద ఖాళీ గుడ్డ, గీతల పైన ఖాళీ గాలి. ఒక్కటంటే ఒక్కటి కలవలేదు.

గుడ్డని తిప్పేద్దామంటే వెనక నీ నూలు కొసలన్నీ కుచ్చుల్లా ఉన్నాయి. చట్రాన్నే తిప్పుదామంటే పక్క తెరల ఊచలు దీంతో కలవవు. లైబ్రరీ తెరవడానికి వారం కూడా లేదు. ఒక మూల కూర్చుని ఏడ్చాను. అన్నయ్యకి కబురు పెట్టకూడదనుకున్నాను, కానీ ఆయనే వచ్చాడు, నేను భోజనానికి ఇంటికి రాలేదని.

వచ్చి కాసేపు తెరని చూశాడు. "బొమ్మ తిప్పింది ఎవరు?" అన్నాడు.

"నేనే."

"తనకి అలాగే రాశావా?"

"నువ్వు తిప్పావని రాశాను."

ఇప్పుడు నీకూ చెప్పాలి. బొమ్మ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడితే, "నేను తిప్పను. మీ ఇద్దరి పనీ నడిచినంతకాలం తను అక్కడే ఉండిపోవడానికి ఒక వంక ఉంటుంది. ఆ వంక నా చేత్తో గీసి ఇవ్వను" అన్నాడు. నీకు ఆ మాట చేరితే ఇక అసలు రావని భయపడ్డాను. అద్దం ముందు పెట్టుకుని, గాజు పలక మీద కాగితం వేసి కింద లైటు పెట్టి, అక్కడక్కడ సిరా చుక్కలు పడుతున్నా నేనే తిప్పి గీశాను. ఆయన తిప్పాడని అబద్ధం రాశాను.

అన్నయ్య గుడ్డ అంచు పట్టుకుని, "తను ఇది నా గీత కాదని కనిపెట్టేసింది" అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పావని తెలిసిపోయింది. నేను తిప్పలేదంటే ఎవరూ తిప్పలేదనుకుంది. మళ్లీ తిప్పింది. ఇద్దరూ తిప్పారు." ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో, ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నీకు తను చెప్పలేదు, తనకి నువ్వు చెప్పలేదు. మీ ఇద్దరి మధ్యా నేను ఉన్నన్నాళ్లూ మీరు చెప్పుకోవలసిన అవసరం రాలేదు" అన్నాడు.

నిజమేనా వదినా? నా సిరా చుక్కలు చూసి పట్టేశావా? థాంక్స్ చెప్పమని రాసినప్పుడే తెలుసా నీకు?

ఇక దారి ఒక్కటే. నూలు మారదు కాబట్టి ఇనుము మారాలి. ఊచల కింది భాగాలు కోసేసి, నీ గీతలు ఎక్కడ మొదలైతే అక్కడికి వంచి దింపాలి. అందుకు నీ గీత ప్రతి ఒక్కటీ ఏ వాలులో వస్తోందో నాకు నేల మీద గీసి ఉండాలి. అన్నయ్య చొక్కా చేతులు మడిచి, గుడ్డని నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని సుద్ద తీసుకున్నాడు.

"ఏదీ సరిచెయ్యకు" అన్నాను. నువ్వు రాసింది నాలోనే ఉండి ఉండి బయటికి వచ్చేసింది.

ఆయన నా వంక చూశాడు. గుడ్డ అంచు నుంచి మొదలుపెట్టి నీ గీతలు ఒక్కొక్కటీ నేల మీదికి సాగదీశాడు. నీ నూలు ఎక్కడ కాస్త కుంటిందో అక్కడ సుద్ద కూడా కుంటింది. ఆ అడ్డగీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆపాడు. "ఇది ఇలాగే ఉందా?" అన్నాడు. ఇలాగే ఉందన్నాను. చాలాసేపు దాన్నే చూశాడు. "ఎప్పుడూ ఇలాగే ఉండేదా?" అన్నాడు.

దాన్నీ ఉన్నది ఉన్నట్టు గీశాడు. లేచి, మోకాళ్ల సుద్ద దులుపుకుని, "ఆ కాగితాల మీద సంతకం పెట్టేశాను. పొద్దున పోస్టులో వేస్తాను" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆయనకి రాలేదు, లేకపోతే నేను చూడలేదు.

తర్వాత కొలిమి ఆర్పింది లేదు. ఊచలు కోశాను, కాల్చాను, ఆయన గీసిన గీతల మీద పెట్టి వంచాను. ఇప్పుడు ఊచలు పైన ఎడమవైపు బయల్దేరి, తెరకి అడ్డంగా నడిచి, కుడివైపు నీ నూలు దగ్గరికి వస్తాయి. మనం అనుకున్న బొమ్మ ఇది కాదు. నాకు దానికన్నా ఇదే నచ్చింది. అంతదూరం నడిచి వచ్చి కలుసుకున్నట్టుంది.

నిన్న లైబ్రరీలో నిలబెట్టాం. బిగించడానికి అన్నయ్య కూడా వచ్చాడు, నేను పిలవలేదు. మేడమ్ బోర్డు మీద రాయించడానికి పేర్లు అడిగింది. నీ పేరు చెప్పాను, వేరే వరుసలో కాదు, నా పేరు పక్కనే. "ఈవిడ మీకేమవుతారు?" అంది. అన్నయ్య అక్కడే నిచ్చెన మీద ఉన్నాడు. చేతిలో స్క్రూ తిరగడం ఆగింది. నాకు క్షణం కూడా పట్టలేదు.

"మా వదిన" అన్నాను.

పైన స్క్రూ మళ్లీ తిరిగింది.

నీ సుత్తి

*

మగ్గం గది

సుత్తమ్మా,

తెలుసు. గీత ఆగినచోట సిరా చుక్క. ఆయన ఇన్నేళ్లలో ఒక్క చుక్క పడనివ్వలేదు. చూడగానే ఆయన కాదన్నారని అర్థమైంది, నువ్వు నా కోసం దాచావనీ అర్థమైంది. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని థాంక్స్ చెప్పమని రాసి, కిటికీ అద్దానికి కాగితం ఆనించి, నేనే తిప్పుకున్నాను. అడ్డగీత ఎటు పోయినా నాకు అందంగానే కనిపించింది. ఒక్క ముక్క అడిగి ఉంటే నీ ఇనుము కోయాల్సి వచ్చేది కాదు. పాపం ఇద్దరం సమంగా పంచుకుందాం.

సంతకం చేసిన కాగితాలు అందాయి. మీ అన్నయ్య సుద్దతో నా గీతని ఉన్నది ఉన్నట్టు గీశారన్న చోట ఉత్తరం పక్కన పెట్టి ఏడ్చాను. ఆ మాట ఆయనకి చెప్పు, దాచకు. దానివల్ల నేను తిరిగి వస్తానని మాత్రం ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పు. ఆయనకి మేలు జరగాలని నాకుంది. ఆ మేలులో నేను లేను.

నేను నీకు ఏమీ కానని రాశాను. తప్పు రాశాను. వదిన అన్న పిలుపు మీ అన్నయ్య వల్ల వచ్చిన మాట నిజమే. కానీ ఇన్నేళ్లూ నన్ను అలా పిలిచింది ఆయన కాదు, నువ్వు. ఆయన సంతకం పెట్టి తనది తను తీసుకున్నారు. నీది నీ దగ్గరే ఉంది. కోర్టు దాని గురించి అడగదు, నేను మళ్లీ వద్దనను.

లైబ్రరీకి పిల్లలు వస్తున్నారా? గుడ్డ లాగుతున్నారా? లాగనీ. చిరిగితే నేనొచ్చి కుడతాను. వస్తే నీ షెడ్డులోనే దిగుతాను, ఒక మంచం ఖాళీ చేసి ఉంచు.

నీ వదిన